ఇంట్లో కొత్త డిస్టిలేషన్ సెట్టు, మొదటి వాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకులు, పూలు, తొక్కల నుంచి సువాసన నీరు, దాని మీద తేలే నాలుగు చుక్కల నూనె తీసుకునే చిన్న సెట్టు కొన్నవాళ్ల కోసం రాసింది ఇది. డబ్బా విప్పగానే అందరికీ పుట్టే ఆత్రం ఒకటే: కుండీలో నిమ్మగడ్డి కోసి వేసేద్దామని. ఆ ఆత్రాన్ని ఒక రెండు రోజులు ఆపుకోండి. మొదటి మూడు వాయిలు పారబోయడానికే అనుకోండి. దోసెలు పోసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, మొదటిది పెనానికే పోతుంది కదా.

నా దగ్గరున్నది 10 లీటర్ల స్టీలు పాత్ర, పైన మూత, మూత నుంచి గొట్టం, బకెట్లో మునిగి ఉండే రాగి కాయిల్. కింద ఇచ్చిన కొలతలన్నీ దానికి సరిపోయేవి. మీది 5 లీటర్లదైతే సగం చేసుకోండి.

ఇది సారా కాసే సెట్టు లాగే ఉంది. ఇంట్లో పెట్టుకుంటే ఇబ్బందేమైనా ఉందా?

లాగే ఉండటమేమిటి, అదే ఇది. కుండలో మరిగించు, ఆవిరిని గొట్టంలో పంపు, చల్లార్చు, చుక్కలు పట్టు. సారాకైనా, గులాబీల పన్నీరుకైనా సూత్రం ఒకటే. తేడా అంతా లోపల ఏం వేశారన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టాల కింద లైసెన్సు లేకుండా మద్యం తీయడం నేరం. సొంతానికి తాగడానికే, అమ్మడానికి కాదు అన్నా వినరు. సారా కాయాలనే ఉద్దేశంతో సామాను దగ్గర పెట్టుకున్నా కేసే. మంచినీళ్లు, నిమ్మగడ్డి, గులాబీ రేకులు మరిగించడం ఆ లెక్కలోకి రాదు.

విదేశీ పుస్తకాల్లో, వీడియోల్లో కొత్త సెట్టును శుభ్రం చేయడానికి ఒకసారి ఆల్కహాల్‌తో నడపమని చెబుతారు. మన దగ్గర ఆ మాట మర్చిపోండి. దానితో అయ్యే పనిని బత్తాయి తొక్కలతో చేసుకోవచ్చు, ఆ సంగతి కింద మూడో వాయిలో వస్తుంది.

ఇరుగుపొరుగు వాళ్లు అనుమానంగా చూస్తే నొచ్చుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చేదాకా వెళ్లింది. రాగి చుట్ట కనపడితే ఆ తరం వాళ్లకు వేరే ఏం గుర్తొస్తుంది?

కొత్తది తళతళలాడుతోంది. ఒకసారి కడిగి వాడేసుకోకూడదా?

తళతళలాడేది బయట. గొట్టం లోపల, కాయిల్ వంపుల్లో, వెల్డింగ్ అంచుల్లో తయారీలో వాడిన నూనె, పాలిష్ ముద్ద, టంకం పెట్టేటప్పుడు వాడిన ఫ్లక్స్ మిగిలి ఉంటాయి. చల్లటి నీళ్లకు అవి కదలవు, ఆవిరి తగలగానే కరిగి మీ సీసాలోకి దిగుతాయి. సువాసన నీటికి గ్రీజు వాసన అంటితే మళ్లీ విడదీయలేం.

వెలిగించే ముందు ఏమేం చూడాలి?

ముందు అతుకులు. రాగి గొట్టాన్ని స్టీలుకు కలిపిన చోట బూడిదరంగులో మెత్తగా, గోరుతో గీస్తే గీత పడేలా టంకం ఉంటే అది సీసం కలిసిన టంకం కావచ్చు. అమ్మినవారిని గట్టిగా అడగండి. సూటిగా జవాబు చెప్పకపోతే ఆ సెట్టు వాపసు ఇచ్చేయడమే మేలు. వెండి కలిపిన బ్రేజింగో, స్టీలు వెల్డింగో అయితే దిగులు లేదు.

అయస్కాంతం అంటకపోతే అది వంటపాత్రలకు వాడే మంచి రకం, అంటే 304 స్టీలే అని చాలామంది నమ్మకం. చవక 200 సిరీస్ స్టీలుకు కూడా అయస్కాంతం అంటదు. కాబట్టి ఆ పరీక్షతో అంటితే అనుమానపడొచ్చు గానీ, అంటకపోతే నిశ్చింతగా ఉండటానికి లేదు.

తర్వాత వాషర్, పైపులు. పారదర్శకంగా మెరిసే మామూలు ప్లాస్టిక్ పైపు వేడి ఆవిరికి మెత్తబడి వాసన వదులుతుంది. చల్లటి నీళ్లు పోయే దారిలో అదున్నా పర్వాలేదు, ఆవిరి పోయే దారిలో మాత్రం ఉండకూడదు. నల్ల రబ్బరు వాషర్ ఉంటే తీసి, ఫుడ్ గ్రేడ్ సిలికాన్‌దో టెఫ్లాన్‌దో వేయించండి. మర చుట్టే చోట ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు చాలు.

ఇక అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ముఖ్యమైనది: కాయిల్‌ను బాగా కడిగాక కింది కొసకు నోరుపెట్టి ఊదండి. పై కొస నుంచి గాలి ధారాళంగా రావాలి. బిగపట్టి ఊదాల్సి వస్తే లోపల గొట్టం నొక్కుకుపోయి ఉంది, లేదా ఏదో ఇరుక్కుంది. అలాంటి సెట్టును పొయ్యి మీద పెట్టకండి. దారి మూసుకుంటే మీ పాత్ర బాంబే. నేను ఇప్పటికీ ప్రతి వాయికీ ముందు ఊది చూస్తాను. ఒకసారి లోపల నుంచి చీమల దండు వచ్చింది.

ప్రెషర్ కుక్కర్‌కు పైపు తగిలించి చేసుకుంటే సరిపోదా?

చాలామంది చేస్తారు. నీళ్లకు పనిచేస్తుంది. ఆకులు వేస్తేనే భయం. విజిల్ పెట్టే ఆ గొట్టం చాలా సన్నం, ఒక్క ఆకు ముక్క పైకి లేచి అడ్డుపడితే చాలు. పక్కనున్న సేఫ్టీ వాల్వ్‌ను తీసి బోల్టు బిగించి అక్కడి నుంచి పైపు లాగేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ చిన్న బిళ్ల మీ ప్రాణం కోసమే ఉంది. అదీగాక అల్యూమినియం కుక్కరైతే శుభ్రం చేయడానికి పోసే వెనిగర్‌కు, పులుపు తొక్కలకు తట్టుకోదు.

గ్యాస్ మీదా, ఇండక్షన్ మీదా?

పాత్ర రాగిదైతే ఇండక్షన్ మీద వేడెక్కదు. స్టీలు పాత్రలకు కూడా అడుగున అయస్కాంతం అంటే పొర ఉంటేనే. పనిచేసే పాత్ర ఉంటే మాత్రం మొదటి పరీక్షలకు ఇండక్షనే హాయి. మంట ఉండదు, వేడిని అంకెల్లో తగ్గించుకోవచ్చు. గ్యాసైతే చిన్న బర్నర్ వాడండి. పైన బరువు, పక్కన బకెట్టు, మధ్యలో గొట్టం ఉంటాయి కాబట్టి స్టవ్ ఊగకుండా సమంగా ఉండాలి. నూనె చేరిన సీసాను మాత్రం మంటకు దూరంగా పెట్టండి, ఈ నూనెలు అంటుకుంటాయి.

మొదటి వాయిలో ఏం వేయాలి?

దానికి ముందు సబ్బు నీళ్లు. వేడి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పాత్ర, మూత తోమండి. అదే నీటిని గరాటుతో కాయిల్‌లోకి పోసి, రెండు కొసలూ వేళ్లతో మూసి బాగా ఆడించి వదలండి. సబ్బు పోయేదాకా వేడి నీళ్లు పంపండి. ఈ పని ఎందుకంటే వెనిగర్ చిలుమును తీస్తుంది గానీ జిడ్డును తీయదు. చాలామంది సబ్బు మెట్టు ఎగరగొట్టి నేరుగా వెనిగర్‌కు వెళ్లి, వాసన పోవట్లేదని అడుగుతుంటారు. రాగి బయటి వైపు మెరవాలంటే చింతపండు, ఉప్పు ఉండనే ఉన్నాయి. బ్లీచింగ్ మాత్రం వాడకండి, దానిలోని క్లోరిన్ స్టీలుకు చిల్లులు పెడుతుంది.

ఆ తర్వాత 3 లీటర్ల నీళ్లు, 1 లీటరు తెల్ల వెనిగర్ పోసి మూత బిగించి మరిగించండి. ఇక్కడ ఒక కిటుకు. మొదటి ఐదారు నిమిషాలు బకెట్‌లో నీళ్లు పోయకండి. చల్లదనం లేకపోతే వేడి ఆవిరి కాయిల్ చివరిదాకా వెళ్లి లోపలంతా తోమినట్టు శుభ్రం చేస్తుంది. కొస దగ్గర చెయ్యి పెట్టకండి. ఆవిరి తగిలితే మరిగే నీళ్లు తగిలినదానికన్నా లోతుగా కాలుతుంది. కొస నుంచి ఆవిరి బుసబుసమని వచ్చాక మంట తగ్గించి, బకెట్ నింపి, అప్పుడు మామూలుగా నడపండి. ఒక లీటరు దిగాక ఆపేయండి. ఇదంతా పారబోయాలి, మొక్కలకు కూడా పోయొద్దు.

కిటికీలు తీసి పెట్టుకోండి. పచ్చళ్ల ఫ్యాక్టరీ లాగా ఉంటుంది ఇల్లు.

దిగిన నీళ్లు లేత నీలంగా, పచ్చగా వస్తున్నాయి. సెట్టు పాడైందా?

లేదు. రాగి మీద పేరుకున్న చిలుము వెనిగర్ ఆవిరిలో కరిగి వస్తోంది. అది రాగి లవణం, విషం, అందుకే పారబోయమన్నది. తర్వాత వేసే వట్టి నీళ్ల వాయికి రంగు పూర్తిగా పోవాలి. పోకపోతే ఇంకో వెనిగర్ వాయి వేయండి. నెలల తరబడి వాడకుండా ఉంచిన రాగి కాయిల్‌కు కూడా మళ్లీ ఇదే చేయాలి.

లీకులు ఎలా పట్టుకోవాలి?

వెనిగర్ వాయిలోనే చూసుకోండి, రెండు పనులూ ఒకేసారి అవుతాయి. నీళ్లు మరిగాక ఒక చల్లటి స్టీలు గరిటెను ప్రతి అతుకు దగ్గరా పెట్టి చూడండి. ఆవిరి కంటికి కనపడకపోయినా గరిటె మీద చెమ్మ పడుతుంది. అగరుబత్తీ పొగ కూడా దారి చూపుతుంది, అతుకు దగ్గర పొగ చెదిరితే అక్కడ కారుతున్నట్టే. చెవి పెట్టకండి, మొహం కాలుతుంది.

మూత అంచు దగ్గర కారితే కంగారు పడొద్దు. దమ్ బిర్యానీకి హండీ చుట్టూ పిండి పెడతారే, అదే మందు. గోధుమపిండిని చపాతీ పిండికన్నా కాస్త మెత్తగా కలిపి అంచు చుట్టూ తాడులా పరవండి. వేడికి గట్టిపడి ఆవిరిని ఆపుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది: పొరపాటున దారి మూసుకుని లోపల ఒత్తిడి పెరిగితే ముందు పిండే పగులుతుంది, మూత ఎగరదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు డేగ్ అనే రాగి కాగుకు మట్టి, దూది కలిపి ఇలాగే పూస్తారు. బయట ఖరీదైన క్లాంపులు అమ్ముతారు. కొనండి, వద్దనను. కానీ పావుకిలో పిండితో అయ్యేదానికి కంగారుగా డబ్బు పెట్టక్కర్లేదు.

కాయిల్ మీద, అంటే నీళ్లలో మునిగే భాగంలో చిల్లు ఉంటే ఆ లీకు ఇలా దొరకదు. పొయ్యి వెలిగించకముందే కాయిల్‌ను నీళ్ల బకెట్లో ముంచి, ఒక కొస వేలితో మూసి, ఇంకో కొస నుంచి ఊదండి. సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికినట్టే. బుడగలు వస్తే వాపసు పంపండి.

వెనిగర్ వాయి అయ్యాక రబ్బరు వాసన వస్తోంది.

వాషర్. నాకూ ఇదే జరిగింది. అమ్మిన షాపువాళ్లు రెండు మూడు వాయిలకు పోతుందని ధైర్యం చెప్పారు. ఆరు వాయిలైనా పోలేదు. వాషర్ విప్పి ఒక గిన్నెలో వేసి మరిగిస్తే ఆ నీళ్లకూ అదే వాసన. చివరికి ఆవిరి దారిలో ఉన్న రబ్బరంతా పీకేసి, సిలికాన్ షీటు తెచ్చి కత్తిరించి వేసుకున్నాను. మొదటి రోజే చేసి ఉంటే ఒక వారం, కొంత గ్యాసు మిగిలేవి.

రెండో వాయి ఎందుకు? వట్టి నీళ్లు మరిగిస్తే ఏం తెలుస్తుంది?

అన్నీ దీనిలోనే తెలుస్తాయి. నా వరకు ఇదే అసలు పరీక్ష. పాత్రను కడిగి 4 లీటర్ల నీళ్లు పోయండి. ఆర్‌వో నీళ్లు వద్దు, కావాలనే బోరు నీళ్లు పోయండి. ఎందుకంటే నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ చాలా ఇళ్లలో ఉంటుంది, దాన్ని ఇక్కడ వాడుకుందాం.

పోసే ముందు బోరు నీటి అంకె చూసి రాసుకోండి. మా వీధిలో 700 దాటుతుంది. ఆవిరై దిగిన నీటిలో లవణాలు ఉండవు కాబట్టి అంకె 10 లోపే రావాలి. మొదట దిగిన 200 మి.లీ. వదిలేసి తర్వాతి నీటిని కొలవండి. 5 వస్తే భేష్. 60, 80 అలా వస్తే రెండే కారణాలు. ఒకటి, కాయిల్‌లో వెనిగర్, చిలుము ఇంకా మిగిలాయి. రెండు, నీళ్లు మరీ ఉధృతంగా మరిగి తుంపర్లు, నురుగు ఆవిరితో పాటు గొట్టంలోకి వెళ్తున్నాయి. మంట తగ్గించి మళ్లీ కొలవండి. అంకె పడిపోతే రెండోదే కారణం, మీ సెట్టుకు మంట ఎంతవరకు పెట్టొచ్చో మీకు తెలిసిపోయినట్టే. పడిపోకపోతే ఇంకో లీటరు దింపండి.

మీటర్ జిడ్డును పట్టుకోలేదు. దానికి ముక్కే గతి. దిగిన నీటిని శుభ్రమైన గాజు గ్లాసులో పట్టి, మూతపెట్టి, పది నిమిషాల తర్వాత తీసి వాసన చూడండి. వెలుతురులో పక్క నుంచి చూస్తే నీటి మీద ఇంద్రధనస్సు రంగుల పొర ఉందేమో కనిపిస్తుంది. ఏ వాసనా, ఏ పొరా లేకపోతేనే ముందుకు.

థర్మామీటర్ 98 దగ్గరే ఆగిపోయింది. 100 రావట్లేదేం?

మీరు హైదరాబాద్‌లో ఉన్నారా? అయితే థర్మామీటర్ బాగానే ఉంది. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విశాఖ బీచ్ పక్కన 100, అరకు కొండ మీద 97 దగ్గర. వట్టి నీళ్ల వాయిలో మీ థర్మామీటర్ ఎంత చూపిందో రాసుకోండి, మీ ఇంటికి అదే ‘100’. ఒకవేళ అది ఆ అంకె దాటి రెండు మూడు డిగ్రీలు పైకి పోతే లోపల ఒత్తిడి పెరుగుతోందని అర్థం. వెంటనే స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారాక దారి చూసుకోండి. వేడి మీద మూత తీయొద్దు.

ఎంత వేగంగా దిగాలి?

10 లీటర్ల సెట్టుకు 100 మి.లీ. దిగడానికి 8 నుంచి 10 నిమిషాలు పడితే బాగుంటుంది. చుక్కలు చుక్కలుగా మొదలై సన్నని దారంలా రావాలి. ధార కట్టి, మధ్యమధ్యలో దగ్గుతున్నట్టు ఆవిరి కూడా వస్తుంటే మంట ఎక్కువైంది, లేదా బకెట్ వేడెక్కింది.

చల్లదనానికి నీళ్లు ఎన్ని కావాలి? బకెట్ సరిపోతుందా?

దీని గురించే ఎవరూ ముందు చెప్పరు. ఒక లీటరు నీటి ఆవిరి తిరిగి నీరుగా మారి చల్లబడేటప్పుడు సుమారు 2,500 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. బకెట్ నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కేదాకా ఓర్చుకుందామనుకుంటే లీటరుకు దాదాపు 30 లీటర్ల నీళ్లు కావాలి. అంటే 20 లీటర్ల బకెట్ ఒకసారి నింపితే మీకు దిగేది 600 మి.లీ. పైచిలుకు, అంతే. ఆ తర్వాత పైనున్న నీళ్లు కాగిపోయి ఆవిరి అలాగే బయటికొస్తుంది, దానితో పాటు సువాసనా గాల్లో కలిసిపోతుంది.

కొళాయి తిప్పి వదిలేయడం ఒక దారి, కానీ నీళ్ల వృథా చూసి ఇంట్లో ఊరుకోరు. నేను చేసేది ఇది: పాత ఎయిర్ కూలర్‌లో నీళ్లు తోడే చిన్న మోటారు ఒకటి ఉంటే డ్రమ్ములో వేసి, నీళ్లు బకెట్ అడుగు నుంచి ఎక్కి పైనుంచి పొర్లి మళ్లీ డ్రమ్ములోకి పడేలా పైపులు కలిపాను. నీళ్లు కింద నుంచి ఎక్కాలి, ఆవిరి పైనుంచి దిగాలి. తిరగేసి పెట్టారంటే సగం చల్లదనం దండగ. 100 లీటర్ల డ్రమ్ముంటే రెండు మూడు లీటర్లు హాయిగా దింపుకోవచ్చు.

మే నెలలో పరీక్షిస్తుంటే ఇంకో మాట. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. తెల్లవారుజామున మొదలుపెట్టండి, లేదా నీళ్ల సీసాలు ముందురోజే డీప్‌ఫ్రిజ్‌లో గడ్డకట్టించి బకెట్లో వేయండి. దిగే నీరు వేలికి గోరువెచ్చగా తగిలితే చాలు, మంచులా ఉండక్కర్లేదు.

స్టవ్ ఆపగానే సీసాలో నీళ్లు వెనక్కి పీల్చుకుపోయాయి!

కొసను సీసాలో నీటి మట్టం కిందకి ముంచి ఉంటారు. వేడి ఆగగానే పాత్రలోని ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ దొరికినదాన్ని దొరికినట్టు లాగేస్తుంది. నావి ఒకసారి గంటన్నర కష్టం, పావు లీటరు తులసి నీరు, గుటుక్కున పోయాయి. గాలి వెళ్లే దారి కూడా లేకుండా బిగించి ఉంటే పల్చటి పాత్ర సొట్టపోతుంది కూడా. కొస ఎప్పుడూ నీటికి రెండు వేళ్ల పైనే ఉండాలి. సీసా మూతికి బిరడా బిగించకూడదు.

మూడో వాయిలో బత్తాయి తొక్కలన్నారు?

అవును. రోడ్డు పక్క జ్యూస్ బండి దగ్గర అడిగితే సంచి నింపి ఊరికే ఇస్తారు. నల్లగొండ వైపు వాళ్లకైతే చెప్పక్కర్లేదు. బత్తాయి, కమలా తొక్కల నూనెలో ఎక్కువ భాగం లిమోనిన్ అనే పదార్థం. అది జిడ్డును కరిగించడంలో దిట్ట, థర్మోకోల్ మీద చుక్క వేస్తే గుంట పడుతుంది. సబ్బుకూ ఆవిరికీ లొంగకుండా కాయిల్‌లో దాక్కున్న గ్రీజును ఇది లాక్కొస్తుంది. రబ్బరును, చవక ప్లాస్టిక్‌ను కూడా ఉబ్బేలా చేస్తుంది. అదీ మంచిదే, మీ సెట్టులో బలహీనమైన వాషర్ ఏదో ఇప్పుడే బయటపడుతుంది.

ఒక కిలో తొక్కలను ముక్కలు చేసి, 3 లీటర్ల నీళ్లు పోసి, లీటరు దింపండి. తొక్కలు నీళ్లలో మునగకుండా పైన ఉండాలి. సెట్టుతో జాలీ రాకపోతే ఇడ్లీ పాత్రలోని చిల్లుల ప్లేటు బోర్లించి వేసుకోండి. నీటి మీద మెరుస్తూ నూనె తేలుతుంది, ఇల్లంతా కమ్మటి వాసన. దాచుకోవాలనిపిస్తుంది. దాచుకోకండి, అందులో ఫ్యాక్టరీ జిడ్డు ఉంది. బాత్రూమ్ బండలు కడగడానికి వాడేయండి.

కాలిన వాసన వస్తే?

నీళ్లు తగ్గి ఆకు అడుగంటింది. మొదలుపెట్టేటప్పుడు పోసిన నీటిలో కనీసం మూడో వంతు పాత్రలో మిగిలి ఉండగానే ఆపాలి. 3 లీటర్లు పోస్తే 2 కన్నా ఎక్కువ దింపొద్దు.

ఇక అసలు వాయి. మొదట దేనితో చేయాలి?

నిమ్మగడ్డి. తప్పులను క్షమించే మొక్క అది. కుండీలో పెరుగుతుంది, నూనె కంటికి కనపడేంత వస్తుంది, ఘాటు వాసన కాబట్టి పని జరిగిందో లేదో సందేహం ఉండదు. ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే, లక్నో కేంద్రంగా ఉన్న సీమ్యాప్ సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. వాళ్ల ‘కృష్ణ’ రకం నిమ్మగడ్డి రైతుల దగ్గర బాగా దొరుకుతుంది. నర్సరీలో కొనేది టీ కోసం పెంచే రకమైనా ఫర్వాలేదు, మనం చేస్తున్నది పరీక్షే.

మంచు ఆరాక కోసి, నీడలో ఒక పూట వాడనిచ్చి, రెండంగుళాల ముక్కలు చేయండి. కిలో ఆకుకు 3 లీటర్ల నీళ్లు. మరీ కుక్కొద్దు, ఆవిరికి సందు కావాలి. మరీ వదులుగానూ వద్దు, ఆవిరి ఒక పక్క నుంచే దారి చేసుకుని మిగతా ఆకును వదిలేస్తుంది. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. నూనెలో ఎక్కువ భాగం మొదటి గంటలోనే వచ్చేస్తుంది.

ఎంత నూనె వస్తుంది?

నిమ్మగడ్డి పచ్చి ఆకు బరువులో సుమారు అర శాతం. కిలోకు 5 మి.లీ. అనుకోండి. ఇంట్లో మొదటిసారి 2 మి.లీ. వచ్చినా చంకలు గుద్దుకోవచ్చు. సన్నని మూతి సీసాలో పట్టి కదపకుండా ఒక రాత్రి ఉంచితే లేత పసుపు రంగు నూనె పైన పొరగా తేలుతుంది. సూది తీసేసిన సిరంజితో మెల్లగా లాగేసుకోండి. గుర్తుంచుకోండి, అన్ని నూనెలూ తేలవు. లవంగ నూనె అడుగుకు దిగుతుంది. నూనే రాలేదనుకుని నీళ్లతో పాటు పారబోసినవాళ్లున్నారు.

తీసిన నూనెను నేరుగా ఒంటికి రాసుకోవద్దు, మండుతుంది, దద్దుర్లు రావచ్చు. పిల్లలకు అందనివ్వద్దు.

గులాబీ నూనె తీద్దామని కొన్నాను.

నిరాశ పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఒక కిలో గులాబీ నూనెకు మూడు నుంచి ఐదు టన్నుల రేకులు కావాలి. మీ కిలో రేకులకు లెక్క కడితే దక్కేది ఐదారు చుక్కలు, అదీ కాయిల్ గోడలకే అంటుకుపోతుంది. కానీ పన్నీరు మాత్రం అద్భుతంగా వస్తుంది. పెళ్లిళ్లలో వెండి పన్నీరు బుడ్డితో చల్లే నీళ్లు మొదట్లో ఇలా తీసినవే కదా. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ గులాబీలు చౌకే గానీ వాటి మీద మందులు కొట్టి ఉంటారు. ఇంట్లో పూసిన నాటు గులాబీలైతే అరకిలో చాలు, తెల్లవారకముందు కోయండి.

వట్టివేరు?

మొదటి నెలలో వద్దు. దాని నూనె చిక్కన, బరువు, బద్ధకం. పెద్ద యూనిట్లలోనే పద్దెనిమిది, ఇరవై నాలుగు గంటలు నడుపుతారు.

దిగిన సువాసన నీటిని ఎలా దాచాలి? ఎన్నాళ్లుంటుంది?

ముదురు రంగు గాజు సీసాను మరిగే నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అందులో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్ని నెలలుంటుంది. దూదిపింజల్లాంటివి తేలినా, వాసన పుల్లగా మారినా పారబోయండి, ముఖానికి రాయకండి. మొదటి రోజు వాసన కొంచెం ఉడికిన ఆకులా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు, మూడు నాలుగు రోజులకు సర్దుకుంటుంది.

రెండో వాయి నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చా? టీడీఎస్ 5 వచ్చింది.

కాయిల్ రాగిదైతే వద్దు. మీటర్‌కు కనపడనంత రాగి చేరినా బ్యాటరీ ఊరికే డిస్చార్జ్ అవుతూ ఉంటుంది. మొత్తం స్టీలు లేదా గాజు సెట్టు అయి, ఇంతవరకు ఆకులు వేయకపోయి ఉంటే ఆలోచించవచ్చు. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ బయట చౌకగానే దొరుకుతుంది, అంత తెగింపు ఎందుకు?

ప్రతి వాయి తర్వాత ఏం చేయాలి?

చల్లారాక ఆకు తీసేసి కంపోస్టులో వేయండి. అర లీటరు నీళ్లు పోసి, బకెట్ ఖాళీ చేసి, ఆవిరిని ఐదు నిమిషాలు కాయిల్ గుండా పోనివ్వండి. తర్వాత కాయిల్‌ను తలకిందులుగా వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే రాగికి చిలుము పడుతుంది. రెండు కొసలకూ పల్చటి గుడ్డ కట్టండి, చీమల సంగతి చెప్పాను కదా. మళ్లీ వాడే ముందు ఆ గుడ్డలు విప్పారో లేదో ఊది చూసుకోండి.

పక్క ఫ్లాట్ వాళ్లు రోజూ ‘ఏం కాస్తున్నారు?’ అని అడుగుతున్నారు.

మూడో వాయి రోజు పిలవండి. బత్తాయి వాసన చూశాక మా పక్కింటావిడ అడిగింది ఒకటే, వాళ్ల బాల్కనీలో తులసి ఎక్కువైపోయిందట, ఆదివారం ఖాళీగా ఉంటారా అని.